మతిమరుపు జబ్బుకు మందు - ఇచ్చే చేతికి జాగ్రత్తలు
(పాండూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, పచ్చడి, పులిహోర. ఇటువంటి చోట జబ్బు మాట, మందు మాట ఎందుకని మీలో కొందరికైనా తోచవచ్చును. కార్యవర్గంవారు నన్ను మాట్లాడమన్నప్పుడు నాకూ అట్లాగే తోచినది. తరువాత ఆలోచిస్తే, మా ఇంట్లో ఈ కథ మొదలైనదే ఒక ఉగాది నాడని జ్ఞాపకం వచ్చినది. అందుకే ఒప్పుకున్నాను.

మా అమ్మకు బంధువులందరి జన్మనక్షత్రాలూ కంఠస్థం. కందాయ ఫలాలు చదివేటప్పుడు అయ్యవారు ఎవరి పేరు ఎత్తినా, మేము తడుముకునే లోపల ఆమె నక్షత్రమూ పాదమూ చెప్పేసేది. ఆ ఏడు అయ్యవారు "మరి మీది ఏమమ్మా?" అని అడిగినారు. అమ్మ నా ముఖం వైపు చూచి, "నాది ఏమిరా నాయనా?" అన్నది. అందరమూ నవ్వినాము. వయసు మీద పడినది గదా అనుకున్నాము. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా వుంటుంది. ముప్పై ఏండ్లకు పైగా మందులిచ్చే ఉద్యోగం చేసినవాడను నేను. చీటీ చూచి, మందు తీసి, ఎట్లా వేసుకోవాలో చెప్పి పంపడమే నా పని. నలుగురికీ చెప్పే మనిషికి తన ఇంట్లో సంగతి తెలియలేదు. మందు మొదలైన తరువాత జరిగిన పొరపాటు కూడా నాదే. దానిని దాచకుండా చెప్పడానికే ఇక్కడ నిలబడినాను.

మొదట జబ్బును గురించి రెండు మాటలు. తాళంచెవి ఎక్కడ పెట్టినామో మరిచిపోవడం అందరికీ వున్నదే. తాళంచెవి చేతిలో పెట్టుకుని అది దేనికని అడిగితే అది వేరు. నిన్నటి సంగతి పోయి నలభై ఏండ్ల నాటి సంగతి మిగలడం, చేయి తిరిగిన వంటలో ఉప్పు రెండుసార్లు వేయడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తెలియకపోవడం, ఇవి నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంటే దానిని వృద్ధాప్యమని వదిలివేయరాదు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనబడేది ఆల్జైమర్ వ్యాధి. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ అనే జర్మనీ వైద్యుడు దీనిని మొదటిసారి వివరించినందున ఆ పేరు నిలిచినది. మన దేశంలో అరవై దాటిన వారిలో సుమారు 7.4 శాతం, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా వున్నదని 2023లో ప్రకటించిన ఒక పెద్ద సర్వే అంచనా వేసినది. కనుక ఇది ఏ ఒక్కరి ఇంటి కర్మమూ కాదు, దాచుకోవలసిన అవమానమూ కాదు.

మరుపు కనబడగానే మరుపు మాత్ర కొనడం మాత్రం తొందరపాటు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిను లోపించినా, మనోవ్యాకులత వున్నా, మూత్రంలో చీము చేరినా, ఎప్పుడో జారిపడి తలలో నెత్తురు గడ్డ కట్టినా మనిషి ఇట్లాగే మారిపోవచ్చును. వీటికి వేరే చికిత్సలున్నవి. కొన్ని పూర్తిగా నయమవుతవి కూడా. అందుచేత రక్తపరీక్షలు, అవసరమైతే తల స్కాను, ఇవి అయిన తరువాతనే వైద్యుడు మరుపు మందు రాస్తాడు. ఈ మందులు చట్టప్రకారం చీటీ లేనిదే అమ్మకూడనివి. అట్ట మీద ఎర్ర అక్షరాలలో ఆర్‌ఎక్స్ అనే గుర్తు చూచే వుంటారు. పక్కింటి అవ్వకు గుణమిచ్చినదని మన అవ్వకు అదే కొని తేవడం కుదరదని ఆ గుర్తుకు అర్థం.

ఇక మందుల సంగతి. ఇవి ముఖ్యంగా రెండు తెగలు. మొదటి తెగలో డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ అనేవి వున్నవి. మన మెదడులో ఒక కణం నుండి ఇంకొక కణానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఈ జబ్బులో తగ్గిపోతుంది. వున్న కొంచెమూ త్వరగా విరిగిపోకుండా ఈ మందులు కాపాడుతవి. రెండవ తెగ మెమాంటిన్. అది వేరొక రసాయనం చేసే అతి ప్రేరణను అడ్డుకుంటుంది. జబ్బు కొంత ముదిరిన తరువాత దీనిని ఒంటరిగానో, మొదటి తెగతో కలిపో ఇస్తారు.

ఈ మందుల నుండి ఏమి ఆశించవచ్చునో ముందే తెలుసుకోవడం మంచిది. ఇవి జబ్బును కుదర్చవు. కొందరిలో కొంతకాలం పాటు జ్ఞాపకమూ, మాటా, రోజువారీ పనులూ కొంచెం నిలదొక్కుకుంటవి. మరికొందరిలో పెద్ద తేడా కనబడదు. చెరువుకు గండి పడినప్పుడు మట్టి తట్టలు వేసి కొంతసేపు నీరు ఆపినట్లు. ఆ కొంతసేపే ఇంటివారికి ఎంతో విలువైనది. కాని ఇది తెలియనివారు ఏమి చేస్తారంటే, నెల రోజులు చూచి, గుణం లేదని మాత్ర మాన్పిస్తారు. లేదా ఒకటికి రెండు వేస్తే త్వరగా నయమవుతుందని రెండు వేస్తారు. రెండూ చెరుపే.

మోతాదు ఎందుకు నిదానంగా పెంచుతారో చెబుతాను. డోనెపెజిల్ సామాన్యంగా రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుండి ఆరు వారాలు గడిచి ఒంటికి పడినదని తేలిన తరువాత 10కి పెంచుతారు. మెమాంటిన్ 5తో మొదలై వారానికి 5 చొప్పున 20 దాకా పోతుంది. మూత్రపిండాలు బలహీనంగా వున్నవారికి తగ్గిస్తారు. కడుపు తిప్పడం, వాంతులు, విరేచనాలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, నాడి నెమ్మదించడం, కళ్లు తిరగడం మొదటి తెగ మందులతో రావచ్చును. పీడకలలు వస్తే రాత్రి మాత్రను ఉదయానికి మార్చవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి. మెమాంటిన్‌తో తలతిరుగుడు, తలనొప్పి, మలబద్ధకం రావచ్చును. వీటిలో చాలావరకు మొదటి వారాలలోనే వచ్చి సర్దుకుంటవి. తెలివి తప్పి పడిపోవడం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, వీటికి మాత్రం ఎదురుచూడకూడదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలసినదే.

ఇప్పుడు నా పొరపాటు వినండి.

అమ్మకు డోనెపెజిల్ 10 మిల్లీగ్రాములు రాసినారు. రాత్రి భోజనమైన తరువాత నేనే ఇచ్చేవాణ్ణి. ఒక నెల ఆమె చెన్నైలో మా తమ్ముడి ఇంట వున్నది. అక్కడ మందు అయిపోతే తమ్ముడు చీటీ చూపించి కొన్నాడు. అంగడిలో అదే మందు వేరొక వ్యాపారపు పేరుతో వచ్చినది. అట్ట రంగు వేరు, పేరు వేరు, లోపలి మందు ఒకటే. అక్కడ ఉదయం పూట ఇచ్చేవారు. అమ్మ తిరిగి పాండూరు వచ్చినప్పుడు ఆ అట్ట కూడా సంచిలో వచ్చినది. మా ఆవిడ, మరిదిగారు పంపించినారు గదా, ఇది కొత్తగా రాసిన మందు కాబోలునని, ఉదయం పూట ఇవ్వసాగినది. నేను రాత్రి నా మాత్ర నేను ఇస్తూనే వున్నాను. ఒకరినొకరం అడగలేదు. అమ్మ చెప్పగలదా? "నాకు ఇయ్యాళ మాత్ర ఇయ్యలేదే మీరు" అని రోజుకు నాలుగుసార్లు అడిగేది. అది జబ్బు మాట అని మేము పట్టించుకోలేదు.

ఐదారు రోజులకు అన్నం సయించదన్నది. వాంతి చేసుకున్నది. అరగలేదని వాము కషాయం ఇచ్చినాము. ఏడవ రోజున అమావాస్య. తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడికి పోయి, పుష్కరిణిలో బెల్లం కరిగించి వద్దామని తెల్లవారే బయలుదేరుతున్నాము. వైద్య వీరరాఘవుడని ఆయనకు పేరు. రోగాలున్నవారు అక్కడ బెల్లం కరిగించి మొక్కుకోవడం మీ అందరికీ తెలిసినదే. పెరట్లో కాళ్లు కడుక్కుంటూ అమ్మ ఉన్నట్టుండి కూలిపోయినది. చేయి పట్టి చూస్తే నాడి దొరకలేదు. ఆసుపత్రిలో చూచేసరికి నిమిషానికి 42 సార్లే కొట్టుకుంటున్నది.

అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మందు ఎవరిస్తారు?" అని. నేనూ మా ఆవిడా ఇద్దరమూ ఒకేసారి "నేను" అన్నాము. ఆమె మా ఇద్దరి ముఖాలూ చూచి, రెండు అట్టలూ తెప్పించి, వెనుక చిన్న అక్షరాలలో వున్న అసలు పేరు నాకు చూపించినది. ముప్పై ఏండ్లు నేను ఇతరులకు చూపించిన అక్షరాలే అవి. ఈ మందు ఒంటిలో సగానికి తగ్గడానికే సుమారు 70 గంటలు పడుతుంది. అందుచేత ఆపిన వెంటనే తగ్గలేదు. నాలుగు రోజులు గుండెను కనిపెట్టి చూస్తూ అక్కడే వుంచుకున్నారు. అమ్మ బతికినది. ఆ నాలుగు రోజులూ మంచం పక్కన కూర్చుని నేను రాసుకున్న కాగితమే ఈనాటి నా ప్రసంగం.

ఆ కాగితంలో మొదటి మాట: మందు ఒక చేతి మీదుగానే పోవాలి. ఇంట్లో ఎంతమంది వున్నా మందిచ్చేవారు ఒకరే. వారు ఊరికి పోతే ఇంకొకరికి నోటితో చెప్పి, కాగితం చేతికి ఇచ్చి పోవాలి. ఇచ్చిన వెంటనే గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ మీద గీత పెట్టాలి. "ఇచ్చినామా లేదా?" అని సందేహం వస్తే గీత చూడాలి. గీత లేదు, గుర్తూ లేదు అంటే ఆ పూటకు వదిలివేయడమే మేలు. ఒక పూట తప్పితే వచ్చే నష్టం స్వల్పం. రెండు మాత్రలు పడితే వచ్చే నష్టం నేను కళ్లారా చూచినాను. మరునాడు మామూలు మోతాదే ఇవ్వాలి, నిన్నటిది కలిపి ఇవ్వకూడదు.

రెండవది: మందు అసలు పేరు తెలుసుకోవాలి. కంపెనీలు పెట్టిన పేర్లు పది వుంటవి. జనౌషధి కేంద్రాలలోనూ, 2025లో తమిళనాడు ప్రభుత్వం తెరిచిన ముదల్వర్ మరుందగాలలోనూ అసలు పేరుతోనే తక్కువ ధరకు మందులు దొరుకుతవి. చవకని అనుమానించనక్కరలేదు. కాని కొత్త అట్ట ఇంటికి వచ్చినప్పుడల్లా అంగడిలోనే అడగండి: "ఇది పాతదానికి బదులా, పాతదానితో పాటా?" ఈ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఎవరమైనా అడిగివుంటే అమ్మ పడిపోయి వుండేది కాదు. పాత అట్టలు ఇంట్లో నిలవ పెట్టుకోవద్దు.

మూడవది: మింగేదాకా చూడాలి. చేతిలో పెట్టి వెళ్లిపోతే మాత్ర బుగ్గలోనో, పమిట కొంగులోనో, తులసి కోటలోనో చేరుతుంది. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మింగిన తరువాత ఒక మాట మాట్లాడించండి. మింగలేకపోతే మీ అంతట మీరు నలిపి పెట్టవద్దు. కొన్ని మాత్రలు నలపకూడనివి వుంటవి. వాటికి బదులు ద్రవరూపంలోనో, నోటిలో కరిగే రకమో వుండవచ్చును. వైద్యుణ్ణి అడగండి. మందుల పెట్టె ఆమెకు అందనిచోట తాళంలో వుండాలి. వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకునేది ఆమే గనుక. ఇంట్లో చిన్నపిల్లలున్నచోట ఇది మరీ ముఖ్యం.

నాలుగవది పట్టీ సంగతి. రివాస్టిగ్మిన్ మందు చర్మానికి అంటించే పట్టీ రూపంలో కూడా వున్నది. కడుపులో తిప్పుట తక్కువ గనుక కొందరికి అదే రాస్తారు. రోజుకు ఒకటి, 24 గంటలకు. కొత్తది అంటించే ముందు పాతది తీసివేయడం ప్రాణంతో సమానమైన నియమం. వీపు మీద పాతది వుండగానే కొత్తది, దాని మీద ఇంకొకటి అంటించి మోతాదు మించి ప్రాణాల మీదికి తెచ్చుకున్న సందర్భాలు ఇతర దేశాలలో నమోదైనవి. వీపు మన కంటికి కనబడదు. అందుచేత స్నానమప్పుడు ఒళ్లంతా వెతికి చూడండి. నూనె రాసిన చర్మం మీద అంటించవద్దు. ఒకే చోట 14 రోజుల లోపల మళ్లీ వద్దు. తీసిన పట్టీని మడిచి పిల్లలకు దొరకకుండా పారవేసి చేతులు కడుక్కోండి. ఏ కారణం చేతనైనా పట్టీగాని, రివాస్టిగ్మిన్ మాత్రగాని మూడు రోజులకు మించి ఆగిపోతే, పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టకూడదు. వైద్యుడు మళ్లీ చిన్న మోతాదు నుండి ప్రారంభిస్తాడు. పెండ్లికో, తిరుపతికో పోయేటప్పుడు బట్టల కంటె ముందు మందు సర్దుకోండి.

ఐదవది, అన్నిటికంటె ఎక్కువమంది తప్పేది. ఇతర మందులతో కలహం. ఇంట్లో మామూలుగా వాడే జలుబు మాత్రలలో క్లోర్‌ఫెనిరమిన్ అనే మందు వుంటుంది. దురదకు ఇచ్చే హైడ్రాక్సిజిన్, చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆగకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, నరాల నొప్పికి, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ అదే అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటవి. ఒక చేత్తో దీపానికి నూనె పోస్తూ, మరొక చేత్తో వత్తి నొక్కినట్లు. ఒక్కొక్కప్పుడు మరుపు మందు వల్లనే మూత్రం తరచుగా వస్తుంది. అది తెలియక వేరే వైద్యుని దగ్గరికి పోతే దానికి ఇంకొక మాత్ర చేరుతుంది. దానితో మతి ఇంకా తప్పుతుంది. రక్తపోటుకు వాడే ఎటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి నాడిని నెమ్మదింపజేస్తవి. డోనెపెజిల్‌తో కలిస్తే మరికొంత. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలతో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. వీటిని మీరుగా ఆపమని నేను చెప్పడం లేదు. వైద్యుని దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో వున్న మాత్రలు, చుక్కలు, లేహ్యాలు, చూర్ణాలు, సిద్ధ వైద్యుని మందులు అన్నీ ఒక సంచిలో వేసి బల్ల మీద పెట్టండి. చీటీలో లేనిది కూడా మందే.

ఆరవది నిద్రమాత్రలను, కోపం తగ్గించే మాత్రలను గురించి. ఇది చెప్పడం కష్టం, వినడమూ కష్టమే. చెన్నైలో వున్నప్పుడు అమ్మ సాయంకాలం అయ్యేసరికి చీర కుచ్చెళ్లు సర్దుకుని, "లెయ్‌రా, పొద్దుగూకతా వుంది, ఇంటికి పోదాం" అని తలుపు దగ్గర నిలబడేది. రాత్రంతా అరుపులు. మా తమ్ముడూ మరదలూ ఉద్యోగస్థులు. నిద్ర లేక ఇద్దరూ చిక్కిపోయినారు. "అన్నా, ఏదైనా మాత్ర చెప్పు, పడుకోబెట్టేస్తాను" అని ఫోనులో ఏడ్చినాడు. వానిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. కాని రిస్పెరిడోన్, క్వెటియపిన్ వంటి మందులు డిమెన్షియా వున్న వృద్ధులలో మరణ ప్రమాదాన్ని పెంచుతవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించినది. సుమారు పది వారాల పరీక్షలలో కొత్త తరం మందు తీసుకున్నవారిలో 4.5 శాతం మంది, ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 2.6 శాతం మంది మరణించినారు. 2008లో హాలోపెరిడాల్ వంటి పాత తరం మందులకు కూడా ఆ హెచ్చరికను వర్తింపజేసినారు. తనకుగాని ఇతరులకుగాని అపాయం చేసుకునే స్థితి వున్నప్పుడు వైద్యుడు ఆలోచించి, కొద్ది మోతాదులో, కొద్ది కాలానికి రాయవచ్చును. అప్పుడు "ఎన్నాళ్లకు? మళ్లీ ఎప్పుడు చూపించాలి?" అని అడగడం మన పని. ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమాత్రలు మత్తు కలిగించి తూలి పడవేస్తవి. తుంటి ఎముక విరిగితే మంచం పట్టినట్లే.

మాత్ర అడిగే ముందు కారణం వెతకాలి. ఎక్కడైనా నొప్పి వున్నదా? మూడు రోజులుగా విరేచనం కాలేదా? మూత్రంలో మంట వున్నదా? దాహమా? చెవి వినబడడం లేదా? గదిలో చీకటికి భయపడుతున్నదా? మా అమ్మకు మూత్రంలో చీము చేరినది. ఆమె ఆ మాట చెప్పలేక ఇంటికి పోదామన్నది. దానికి మందు పడిన నాలుగు రోజులకు రాత్రి అరుపులు తగ్గినవి. సాయంకాలం తలుపు దగ్గరికి పోవడం మాత్రం పోలేదు. తమ్ముడు ఆమె చేయి పట్టుకుని మెట్లు దిగి, వీధి చివరిదాకా నడిపించి, "వచ్చేసినాం అమ్మా" అని తిరిగి తెచ్చేవాడు. దానికి చీటీ అక్కరలేదు.

కొత్త మందులను గురించి కూడా మీరు పత్రికలలో చూస్తుంటారు. 2023లో లెకానెమాబ్, 2024లో డోనానెమాబ్ అనే వాటికి అమెరికాలో అనుమతి వచ్చినది. అవి మాత్రలు కావు, సూది ద్వారా ఇచ్చేవి. జబ్బు తొలిదశలో వున్నవారికే పనికి వస్తవి. మెదడు వాపు, రక్తస్రావం వచ్చినవేమోనని పదే పదే స్కాను తీసి చూడాలి. అవి కూడా జబ్బును నెమ్మదింపజేసేవే. విదేశాలలో వున్న పిల్లలు పంపిస్తామంటే తొందరపడవద్దు. జ్ఞాపకశక్తికని ప్రకటనలలో వచ్చే పొడుల విషయంలో మరీను.

ఇంతవరకు చెప్పినది ఏ వూరివారికైనా చెప్పవచ్చును. ఇకపై చెప్పేది ప్రత్యేకించి మనకు. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగువారిలో కొందరం తరతరాలుగా ఇక్కడివారం. కొందరు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారు. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి 1960 ఏప్రిల్ 1న అప్పటి మద్రాసు రాష్ట్రంలో చేరినది. ఇంటిలోనే కూర్చుని రాష్ట్రం మారినవారు అక్కడ ఎందరో వున్నారు. మన ఇండ్లలో అవ్వ తెలుగులో మాట్లాడుతుంది. మనవడు తెలుగు మాట్లాడతాడు గాని తమిళమే చదువుతాడు. మందు అట్ట ఇంగ్లీషులో వుంటుంది. ఆసుపత్రిలో చెప్పేది తమిళంలో. ఈ జబ్బులో తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లి దగ్గర నేర్చినది కడదాకా మిగలడం తరచుగా చూస్తాము. అమ్మ ఎన్నో ఏండ్లు సంతలో తమిళం గడగడా మాట్లాడినది. చివరికి నర్సమ్మ తమిళంలో "నొప్పి వున్నదా?" అంటే శూన్యంగా చూచేది. కనుక ఆసుపత్రికి తెలుగు తెలిసిన ఒక మనిషి వెంట పోవాలి. ఆమె చెప్పినది వైద్యునికి, వైద్యుడు చెప్పినది ఆమెకు చేరవేయాలి.

రెండు భాషల బతుకు మనకు భారం మాత్రమే అనుకోకండి. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించినారు. ఒకే భాష తెలిసినవారి కంటె రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా కనబడినవి. చదువు రానివారిలో కూడా ఆ తేడా వున్నది. ఇది చికిత్స కాదు, జబ్బు రాదన్న హామీ కాదు. అయినా పిల్లలకు ఇంట్లో తెలుగు ఎందుకని అడిగేవారికి చెప్పవలసిన మాట.

సహాయం దూరంలో లేదు. తిరువళ్లూరులో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వున్నది. చెన్నై ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి. ఎస్. నటరాజన్‌గారు 1978లోనే వృద్ధులకు ప్రత్యేక విభాగం మొదలుపెట్టినారు. గిండీలో 2024లో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం తెరిచినారు. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ, 1992లో కేరళలో పుట్టిన ఆల్జైమర్స్ సంఘం ఇంటివారికి కూడా దారి చూపుతవి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను వున్నది. మూడు నుండి ఆరు నెలలకు ఒకసారి మందులన్నీ తిరిగి చూపించండి. బరువు, నాడి చూడమనండి. ఈ మందు ఇంకా అవసరమా అని అడగడానికి సంకోచించవద్దు. జబ్బు బాగా ముదిరినప్పుడు ఆపవలసి రావచ్చును. అది కూడా వైద్యుని మాట మీద, నిదానంగా జరగాలి.

మన పెద్దలు మందుతో పాటు అనుపానం అనేవారు. తేనెతోనో, పాలతోనో ఇస్తేనే మందు పడుతుందని వారి నమ్మకం. ఈ జబ్బులో మందుకు అనుపానం ఇచ్చేవారి మెలకువే. ఆ ఇచ్చేవారు సామాన్యంగా ఇంటి కోడలో కూతురో అయివుంటారు. ఆమెకు కూడా నిద్ర కావాలి, వారానికి ఒక పూట సెలవు కావాలి. అలసిన చేయి పొరపాటు చేస్తుంది. అన్నదమ్ములు, ఆడపడుచులు ఈ సంగతి ఆలోచించండి.

చివరగా సంఘానికి ఒక మనవి. ఒక పెద్ద కాగితం మీద అవ్వ పేరు, మందు అసలు పేరు, ఎంత, ఏ పూట, దేనికి, ఇచ్చేవారెవరు, ఈ ఆరు సంగతులు తెలుగులోనూ తమిళంలోనూ రాసి అలమరా తలుపుకు అంటించుకుందాం. తెలుగు నేర్చుకుంటున్న పిల్లల చేతనే రాయించండి. మా ఇంటి కాగితం మా మనవరాలు రాసినది. "ఉదయం" అన్న మాటలో ఒక తప్పు వున్నది. దిద్దలేదు, అట్లాగే వుంచినాము. ఆ కాగితం అంటించిన తరువాత అమ్మ ఇంకా నాలుగు ఏండ్లు బతికినది. ఒక్క మాత్ర తప్పలేదు, ఒక్కటి ఎక్కువ పడలేదు.

ఆమె నక్షత్రం ఆమెకు మళ్లీ జ్ఞాపకం రాలేదు. ప్రతి ఉగాదికీ అయ్యవారు అడిగేవారు. ఆమె నా వైపు చూచేది. "రోహిణి అమ్మా, మూడో పాదం" అని నేను చెప్పేవాణ్ణి. అప్పుడు మాలో ఎవరమూ నవ్వలేదు.

 నూతన సంవత్సరం మీ ఇండ్లలో పెద్దలకూ, వారిని చూచుకునేవారికీ ఆరోగ్యమిచ్చుగాక. సెలవు.